షుగర్ వస్తదో రాదో రక్తం ముందే చెప్తదా?

మా బోధన్‌లో షుగర్ అంటే ముందు ఫ్యాక్టరీ, తర్వాతే జబ్బు. నిజాం కాలంలో 1937లో పెట్టిన నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని చిన్నప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్లం. దాని చుట్టూ వెలసిన కాలనీకి పేరే శక్కర్‌నగర్. మా తాత అందులోనే పనిచేసి రిటైరయ్యాడు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. మా దిక్కు చెరుకు పొలాలు చాలావరకు వరి మళ్లయ్యాయి. ఇప్పుడు మా గల్లీలో ఎవరైనా "షుగరెట్లుంది?" అని అడిగితే చెరుకు సంగతి కాదు, పొద్దున గ్లూకోమీటర్‌లో ఎంతొచ్చిందని.

మా అమ్మకు నలభై నాలుగేళ్లకే షుగరొచ్చింది. పెద్దమ్మకూ ఉంది. అందుకే నాకు మూడో నెల నడుస్తున్నప్పుడు, మామూలు రక్త పరీక్షలతో పాటు హెచ్‌బీఏ1సీ కూడా రాశారు మా డాక్టర్ మేడం. గత రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎంతుందో చెప్పే టెస్ట్ అది. రిపోర్ట్ వాట్సాప్‌లో వచ్చింది. నాలుగు పేజీల పీడీఎఫ్, రెండు చోట్ల ఎర్రక్షరాలు. హిమోగ్లోబిన్ 9.6. హెచ్‌బీఏ1సీ 5.8.

మేడంను కలిసేది మర్నాడు సాయంత్రం. ఈలోపు ఆ పీడీఎఫ్ మా ఫ్యామిలీ గ్రూపంతా తిరిగొచ్చింది. మా ఆడబిడ్డ నర్సింగ్ చదివింది కదా, చూసి చెప్తదని మా ఆయన పెట్టాడు. ఆమె చూసేలోపే మిగతా అందరూ చూసేశారు. రాత్రి తొమ్మిదికల్లా నాకు షుగర్ వచ్చేసింది, పుట్టబోయే బిడ్డకూ వస్తదని తేలిపోయింది. అత్తమ్మ నా ముందు నుంచి అన్నం గిన్నె తీసేసి రెండు జొన్నరొట్టెలు పెట్టింది. "ఇగ కానుపు అయ్యేదాకా గింతే బిడ్డా" అంది. ప్రేమతోనే అంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మర్నాడు ఖలీల్‌వాడిలో, పసుపు రంగు కుర్చీల్లో గంటన్నర కూర్చున్నాక మేడం ముందుకెళ్లాం. నిజామాబాద్‌లో ఎవరికి ఏ రోగమొచ్చినా చివరికి చేరేది ఆ వాడకే. ఆమె రిపోర్ట్ చూసి అన్న మొదటి మాట ఇది: "నీకు షుగర్ లేదు. వచ్చే ఛాన్స్ కొంచెం ఎక్కువుందని ఈ కాగితం అంటోంది. అది కూడా పూర్తిగా నమ్మొద్దు, నీకు రక్తం తక్కువుంది."

ఒక్క నిమిషంలో మూడు ముక్కలు చెప్పేసింది. ఆ మూడూ అర్థం కావడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో చదివిందీ, అడిగిందీ, చూసిందీ రాస్తున్నాను. ఎందుకంటే నాలాగే ఫోన్‌లో ఎర్రక్షరాలు చూసి రాత్రంతా గూగుల్ చేసే వాళ్లు చాలామంది ఉంటారు.

ముందు అసలు విషయం. గర్భంలో వచ్చే షుగర్ మామూలు షుగర్ లాంటిది కాదు. మాయ, అంటే ప్లాసెంటా, కొన్ని హార్మోన్లు వదులుతుంది. తల్లి తిన్నదాంట్లో బిడ్డకు సరిపడా గ్లూకోజ్ మిగలాలని, తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనిని అవి కాస్త మందగింపజేస్తాయి. ఐదో నెల దాటాక ఇది జోరందుకుంటుంది. చాలామంది ఆడవాళ్ల పాంక్రియాస్ అదనంగా ఇన్సులిన్ తయారుచేసి ఆ లోటు పూడ్చేస్తుంది. కొందరిది పూడ్చలేకపోతుంది. అప్పుడు చక్కెర రక్తంలో నిలబడిపోతుంది. అది మాయ దాటి బిడ్డకు చేరుతుంది. తల్లి ఇన్సులిన్ మాత్రం చేరదు. బిడ్డ తన ఇన్సులిన్ తానే ఎక్కువ చేసుకుని, ఆ చక్కెరనంతా కొవ్వుగా దాచుకుంటుంది. బిడ్డ మరీ పెద్దదైతే కాన్పు కష్టమవుతుంది. పుట్టగానే తల్లి నుంచి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం ఎక్కువే ఉంటుంది, దాంతో బిడ్డకు షుగర్ సడన్‌గా పడిపోవచ్చు.

అందుకే ఈ టెస్ట్‌కు అసలైన టైమ్ 24 నుంచి 28 వారాల మధ్య. అంతకుముందు చూస్తే ఇంకా బయటపడకపోవచ్చు. కానీ 28వ వారంలో తెలిస్తే చేతిలో మిగిలేది పన్నెండు వారాలే. పైగా అప్పటికే బిడ్డ లోపల చక్కెర రుచి చూసేసి ఉంటుంది. సైంటిస్టులు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నది అదే ప్రశ్న: మూడో నెలలో ఎలాగూ రక్తం తీస్తాం కదా, ఆ చుక్కలోనే రాబోయేది కనిపించదా?

కనిపిస్తుంది, కొంచెం మసకగా. కొవ్వు కణాలు అడిపోనెక్టిన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి, అది ఇన్సులిన్ పనిచేయడానికి సాయం చేస్తుంది. తర్వాత షుగర్ వచ్చిన ఆడవాళ్లలో చాలామందికి మూడో నెలలోనే అది తక్కువగా ఉన్నట్టు ఎన్నో అధ్యయనాల్లో తేలింది. లివర్ తయారుచేసే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్ కూడా అంతే, తక్కువుంటే అనుమానించాలి. ట్రైగ్లిజరైడ్లు, ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ ఎక్కువుంటే అనుమానం ఇంకొంచెం పెరుగుతుంది. ఇంకొకటి మీ ఫైల్‌లో ఇప్పటికే ఉండొచ్చు. 11 నుంచి 13 వారాల మధ్య ప్రైవేట్ హాస్పిటళ్లలో "డబుల్ మార్కర్" అని రాస్తారు కదా, డౌన్ సిండ్రోమ్ రిస్క్ చూడ్డానికి. అందులో పాప్-ఏ అని ఒక లైన్ ఉంటుంది, మాయ తయారుచేసే ప్రోటీన్. అది తక్కువున్నవాళ్లకు తర్వాత షుగర్ వచ్చే అవకాశం కొంచెం ఎక్కువని కూడా చూశారు. ఇది చదవగానే నేను పాత ఫైల్ తీసి నా పాప్-ఏ ఎంతుందో వెతికాను. మీరు ఆ పని చేయకండి. ఆ ఒక్క నెంబర్ పట్టుకుని మనం తేల్చగలిగేది ఏమీ లేదు, నిద్ర పాడవడం తప్ప.

ఎందుకంటే ఈ మార్కర్లలో ఏదీ ఒంటరిగా పక్కాగా చెప్పదు. వందమంది గర్భిణులను ఒక హాల్లో కూర్చోబెట్టారనుకోండి. మార్కర్ చూసి ముప్పై మందిని ఒకవైపు పిలిచి "మీకు రిస్క్ ఎక్కువ" అన్నారనుకోండి. ఆ ముప్పై మందిలో ఎక్కువమందికి చివరికి షుగర్ రాదు. మిగిలిన డెబ్బై మందిలో కొందరికి వస్తుంది. ఈ లెక్క నేను ఉదాహరణకు చెప్తున్నది, కానీ ఆకారం మాత్రం ఇంచుమించు అదే. మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఎవరికీ ఎక్కనిది ఇదే. వాళ్లకు వాతావరణ శాఖ "వర్షం పడే అవకాశం" అంటే అర్థమవుతుంది, గొడుగు పట్టుకుపోతారు, పడకపోతే తిట్టుకుంటారు. అదే మాట రక్తం గురించి డాక్టర్ అంటే మాత్రం తీర్పులా వింటారు.

పైగా అడిపోనెక్టిన్ లాంటివి పెద్ద రీసెర్చ్ ల్యాబుల్లో కొలిచేవి. మా టౌన్‌లో ఏ ల్యాబ్ రేట్ల బోర్డు మీదా నాకది కనపడలేదు. నాకనిపించేదేమంటే, నిజామాబాద్ లాంటి చోట పనికొచ్చే మార్కర్ అంటే మూడు గుణాలుండాలి. చవగ్గా ఉండాలి, ఎలాగూ తీసే రక్తంతోనే అయిపోవాలి, పరగడుపున రమ్మని అనకూడదు. ఆ మూడూ ఉన్నది ఇప్పటికి హెచ్‌బీఏ1సీ ఒక్కటే.

దాని మీద మన దగ్గరే పెద్ద పని జరిగింది. బ్రిటన్‌లోని వార్విక్ యూనివర్సిటీ డాక్టర్ పొన్నుసామి శరవణన్ బృందం, చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ కలిసి స్ట్రైడ్ అనే అధ్యయనం చేశాయి. దక్షిణ భారతంలో, కెన్యాలో, బ్రిటన్‌లో కలిపి పదకొండు వేలకు పైగా గర్భిణులను మొదటి నెలల నుంచి గమనించారు. 2024లో ఫలితాలు వచ్చాయి. మొదట్లో తీసిన హెచ్‌బీఏ1సీకి వయసు, బరువు, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అన్న మూడు ప్రశ్నలు కలిపితే, ఎవరికి రిస్క్ బాగా తక్కువో, ఎవరికి బాగా ఎక్కువో ముందే విడదీయొచ్చని చెప్పారు. అలా చేస్తే సగం మందికైనా ఆ గ్లూకోజ్ నీళ్ల టెస్ట్ అక్కర్లేకుండా పోతుందని వాళ్ల లెక్క. టెస్ట్ చేసే చోటు దూరం, చేసే సిబ్బంది తక్కువ ఉన్న దేశాలకు ఇది చిన్న విషయం కాదు.

కానీ ఇక్కడే మేడం అన్న రెండో ముక్క అడ్డొస్తుంది. "నీకు రక్తం తక్కువుంది." హెచ్‌బీఏ1సీ అంటే ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెర. ఐరన్ తక్కువైనప్పుడు పాత కణాలే ఒంట్లో ఎక్కువ రోజులు తిరుగుతుంటాయి, వాటికి చక్కెర ఎక్కువ అంటుకుంటుంది. నిజంగా షుగర్ పెరగకపోయినా నెంబర్ పెరిగి కనిపిస్తుంది. ఇంకోవైపు గర్భంలో కొత్త కణాలు త్వరత్వరగా పుడుతుంటాయి కాబట్టి నెంబర్ తగ్గి కనిపించొచ్చు. సికిల్ సెల్ లాంటివి ఉంటే ఇంకో తంటా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మనకు బాగా అవసరమైన మార్కర్, మన ఒంట్లోనే తడబడుతోంది. నా 5.8లో నిజమైన షుగర్ ఎంత, ఐరన్ లేమి ఎంత అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. మామూలు మనుషుల్లో 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటారు. ఆ గీతకు నేను ఇటు పక్కనున్నానో అటు పక్కనున్నానో ఆ కాగితానికే తెలీదు.

మేడం ఐరన్ టాబ్లెట్లు రాసింది, అన్నం మానొద్దంది, తిన్నాక పదిహేను నిమిషాలు నడవమంది, ఐదు నెలలు దాటాక గ్లూకోజ్ నీళ్ల టెస్ట్ తప్పించుకోవద్దని రెండుసార్లు చెప్పింది.

"అన్నం మానొద్దు" అన్నది అత్తమ్మకు నచ్చలేదు. "డాక్టర్లు గట్లనే అంటరు" అని ఊరుకుంది. నేను ఊరుకోలేదు, ఎందుకంటే ఆకలి నాది. వెతికితే దొరికింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, స్వీడన్, ఇండియాల్లో కలిపి టోబోగమ్ అనే ట్రయల్ జరిగింది, 2023లో ఫలితాలొచ్చాయి. రిస్క్ ఉన్న 802 మంది గర్భిణులకు 20 వారాల లోపే గ్లూకోజ్ టెస్ట్‌లో షుగర్ కనపడింది. కొందరికి వెంటనే చికిత్స మొదలుపెట్టారు, మిగతావాళ్లకు ఆగి చూశారు. బిడ్డలకు ఏదో ఒక ఇబ్బంది వచ్చినవాళ్లు వెంటనే చికిత్స అందిన గుంపులో 24.9 శాతం, ఆగిన గుంపులో 30.5 శాతం. తేడా ఉంది. అయితే అందులోనే ఇంకో సంగతి కనపడింది. షుగర్ కొద్దిగానే ఎక్కువున్న తల్లులకు కూడా త్వరగా చికిత్స పెడితే, చిన్న సైజు బిడ్డలు పుట్టడం పెరిగిన సూచన ఉంది. అంటే భయపడి మరీ బిగిస్తే బిడ్డకు తిండి తగ్గుతుంది. ఇది అత్తమ్మకు తెలుగులో చదివి వినిపించాను. సగం విన్నాక లేచి వెళ్లి అరకప్పు అన్నం, పప్పు, పాలకూర తెచ్చి పెట్టింది. రొట్టె కూడా ఒకటి ఉంచింది. రాజీ అంటే అదే.

బాపుతో ఇంకో గొడవ. ఆయన దృష్టిలో చక్కెర చెడ్డది, బెల్లం మంచిది. చెరుకు నుంచి చక్కెర ఫ్యాక్టరీలో చేస్తారు, బెల్లం కడాయిలో మన కళ్లముందే చేస్తారు కాబట్టి. వారం వారం బోధన్ నుంచి బెల్లం ముద్ద పంపేవాడు. రక్తంలో గ్లూకోజ్ పెంచడంలో రెండింటికీ పెద్ద తేడా లేదని ఫోన్‌లో చెప్పడానికి నా ప్రాణం పోయింది. చెరుకు పండించిన ఇంట్లో బెల్లాన్ని అనుమానించమంటే మాటలా.

ఇప్పుడు మా పక్కింటక్క గురించి చెప్పాలి. బోధన్‌లో అమ్మవాళ్ల గోడకు ఆనుకునే ఆమె ఇల్లు. నాకంటే రెండు వారాలు ముందు. రెండో కాన్పు. సన్నగా గాలికి ఎగిరిపోయేలా ఉంటుంది. బీడీలు చుడుతుంది. నిజామాబాద్ జిల్లాలో బీడీల పని ఎంతమంది ఆడవాళ్ల బతుకో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వెయ్యి బీడీలు చుట్టాలంటే పొద్దటి నుంచి దీపాలు పెట్టేదాకా చాట ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. నడక లేదు, లేవడం లేదు. లేస్తే లెక్క తప్పుతుంది.

ఆమెకు హెచ్‌బీఏ1సీ ఎవరూ రాయలేదు. రాసినా రిస్క్ లెక్కలో పెద్దగా ఏమీ తేలేది కాదు. వయసు ఇరవై ఆరు. బరువు తక్కువ. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అంటే లేదు అంటుంది. అమ్మానాన్నలకు లేదా అక్కా అని నేనడిగితే, "ఏమో చెల్లె, ఎన్నడన్న టెస్ట్ జేపిచ్చుకుంటె గదా ఎర్కయ్యేది" అంది. నేను చదివిన పేపర్లన్నింటిలో "కుటుంబ చరిత్ర" అని ఒక గడి ఉంటుంది. అవును, కాదు. ఆమె ఆ గడిలో "కాదు" అవుతుంది. మా అమ్మ మాత్రం నిజామాబాద్ వచ్చి టెస్టులు చేయించుకోగలిగింది కాబట్టి నేను "అవును" అయ్యాను. డబ్బు, బస్సు, తీరిక ఉన్న ఇంట్లోనే రోగానికి రికార్డు ఉంటుంది. సన్నగా ఉండటం సంగతీ అంతే. మన ఉపఖండం వాళ్లకు సన్నటి ఒంట్లో కూడా పొట్ట దగ్గర కొవ్వు చేరుతుందని, తెల్లవాళ్ల బరువు లెక్కలు మనకు సరిపోవని డాక్టర్లు ఎప్పటి నుంచో అంటున్నారు. అందుకే మనకు బీఎంఐ 25 కాదు, 23 దాటితేనే ఎక్కువ బరువు అంటారు. అక్కది 23 దరిదాపుల్లో కూడా లేదనుకోండి.

ఆమెను పట్టుకున్నది మార్కర్ కాదు, ఆశక్క. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం రిస్క్ ఉన్నా లేకపోయినా ప్రతి గర్భిణికీ గ్లూకోజ్ టెస్ట్ చేయాలి, మొదటిసారి వచ్చినప్పుడు ఒకసారి, 24-28 వారాల మధ్య ఇంకోసారి. మొదటిసారి ఆమెకు బాగానే వచ్చింది. రెండోసారికి పోనంది. ఆమె లెక్క ఆమెకుంది: "రెండు గంటలంటే రెండొందల బీడీలు." ఆశక్క వినలేదు, ఆటో ఎక్కించి తీసుకుపోయింది.

ఆ టెస్ట్ గురించి రెండు మాటలు, ఎందుకంటే అందరూ దాని గురించి భయపెడతారు. 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు. ఐదు పది నిమిషాల్లో తాగేయాలి. రెండు గంటల తర్వాత ఒకసారి రక్తం చూస్తారు. 140 లేదా అంతకంటే ఎక్కువుంటే గర్భంలో షుగర్ ఉన్నట్టు. పరగడుపున పోవాల్సిన పనిలేదు, తిని పోయినా ఫర్వాలేదు. ఈ పద్ధతిని మన దేశంలో నిలబెట్టింది చెన్నై డాక్టర్ వి. శేషయ్య. ఆయన పుట్టినరోజు మార్చి 10నే గర్భిణుల షుగర్ అవగాహన దినంగా జరుపుతారు. విదేశాల పద్ధతిలో పరగడుపున రక్తం, గంటకు రక్తం, రెండు గంటలకు రక్తం, మూడుసార్లు గుచ్చుతారు. అది ఇంకా కచ్చితమని వాదించేవాళ్లున్నారు, ఒక్కసారి చూస్తే కొందరు తప్పిపోతారని కూడా. నిజమే కావచ్చు. కానీ ఆటోలో కడుపుతో వచ్చే మనిషిని రాత్రి నుంచి పస్తుండి రమ్మంటే, కళ్లు తిరిగి పడిపోయే సంగతి పక్కన పెట్టండి, అసలు రాదు. రానిదాని కంటే వచ్చినవాళ్లకు ఒక్కసారి చూడటమే మేలనుకున్న ఆలోచన నాకు నచ్చింది. రుచి మాత్రం ఘోరం. తాగిన అరగంటలోపు వాంతైతే మర్నాడు మళ్లీ చేయాలి, అరగంట దాటాక అయితే అలాగే కొనసాగిస్తారు. ఇది తెలుసుకుని పోతే మంచిది.

అక్కకు 151 వచ్చింది.

నాకు 26వ వారంలో చేశారు. 138.

రిస్క్ ఎక్కువన్న నాకు గీత కిందే ఆగింది, ఎవరూ అనుమానించని ఆమెకు దాటింది. మా ఫ్యామిలీ గ్రూప్‌లో వెంటనే "ఆ మొదటి టెస్టే దండగ" అని తీర్మానం పాసైంది. స్వీట్ల ఎమోజీలు వచ్చాయి. నాకు మాత్రం ఆ 138 చూసి సంబరం కలగలేదు. 140కీ 138కీ మధ్య గోడేమీ లేదు. 2008లో హాపో అనే పెద్ద అధ్యయనం వచ్చింది, తొమ్మిది దేశాల్లో పాతికవేల మంది గర్భిణుల మీద (మన దేశం అందులో లేదు, అదీ చూడండి). తల్లి షుగర్ పెరిగేకొద్దీ బిడ్డ బరువు, ఆపరేషన్ కాన్పులు మెట్టుమెట్టుగా పెరుగుతూ పోయాయే తప్ప, ఇక్కడి నుంచి ప్రమాదం మొదలు అని చెప్పగలిగే ఒక గీత దొరకలేదు. గీత మనం గీసుకున్నది, ఎక్కడో ఒక దగ్గర గీయాలి కాబట్టి. నా మూడో నెల 5.8 చెప్పింది బహుశా తప్పు కాదు. ఐరన్ వేసుకున్నాను, అన్నం అరకప్పుకు దిగాను, రోజూ తిన్నాక కాలనీ చుట్టూ నడిచాను. ఇవి చేయకపోతే 138 ఎంతయ్యేదో ఎవరికీ తెలీదు. చేసినందుకే 138 అయిందని కూడా గట్టిగా చెప్పలేను. మేడం కూడా చెప్పలేదు. "ఇట్లనే కొనసాగించు" అంది, ఇంకో నెలకు తిన్నాక షుగర్ చూద్దామంది.

అక్క విషయంలో జరిగింది ఇంకా ముఖ్యం. ముందు మందులు కాదు, రెండు వారాలు తిండి మార్పు. అదే పద్ధతి: రెండు వారాలయ్యాక తిన్న రెండు గంటలకు 120 లోపు వస్తే అలాగే కొనసాగించడం, రాకపోతే మెట్‌ఫార్మిన్ లేదా ఇన్సులిన్. సిస్టరమ్మ చెప్పింది ఏమంటే, ఒక్కసారే కంచం నిండా అన్నం కాకుండా మూడు పూటల తిండి, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి చేసుకోమని. ఉడకబెట్టిన పెసలు, గుప్పెడు పల్లీలు, మజ్జిగ. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం 2015 నుంచి నడుస్తోంది, అన్నం, పప్పు, గుడ్డు, పాలు. అక్క అక్కడికి రోజూ పోయేది కాదు, పోతే బీడీల టైమ్ పోతుందని. ఇప్పుడు పోతోంది. పోవడం, రావడం కలిపి నడక కూడా అయిపోతోంది. చాట దగ్గర గంటకోసారి లేవమంటే మాత్రం నవ్వింది. "నువ్వు కంప్యూటర్ ముందు గంటకోసారి లేస్తున్నవా చెల్లె?" అంది. నేను లేవడం లేదు.

రెండు వారాల తర్వాత ఆమెకు 116 వచ్చింది. మందులు లేకుండానే.

నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. పన్నెండో వారంలో జోస్యం చెప్పే రక్తపు చుక్క గురించి ప్రపంచమంతా పేపర్లు రాస్తోంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏలని, వందల రసాయనాలను ఒకేసారి కొలిచే పద్ధతులని, కంప్యూటర్ మోడళ్లని. వాటిలో ఏదో ఒకరోజు బోధన్ దాకా వస్తుంది, రావాలి కూడా. కానీ ఇవాళ ఆమెకు కావలసింది జోస్యం కాదు. ఆ రెండు గంటల కూలి ఎవరైనా ఇస్తే చాలు. మూడో నెలలో ఎలాగూ తీసే రక్తంలోనే చవకగా అయ్యే మార్కర్ ఒకటి పక్కాగా దొరికితే, రిస్క్ తక్కువన్నవాళ్లు ఆ రెండు గంటలు కూర్చునే పని తప్పుతుంది. స్ట్రైడ్ లాంటి అధ్యయనాల్లో నాకు నచ్చింది అందుకే. వాటివల్ల బాగుపడేది ముందుగా నాలాంటివాళ్లు కాదు, అక్కలాంటివాళ్లు. అయితే ముందు రక్తహీనత సంగతి తేల్చాలి, లేకపోతే ఆ మార్కర్ అక్కలాంటివాళ్ల దగ్గరే తప్పు చెప్తుంది.

ఇంకొక్క టెస్ట్ మిగిలింది, దాన్ని అందరూ మర్చిపోతారు. గర్భంలో షుగర్ వచ్చిన తల్లి కాన్పయ్యాక ఆరు వారాలకు మళ్లీ 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చూపించుకోవాలి. చాలామందికి కాన్పుతోనే షుగర్ పోతుంది, కానీ వాళ్లకు ముందుముందు పూర్తిస్థాయి షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఏడు రెట్లకు పైనే. అంటే గర్భంలో వచ్చిన 151, ఏ మార్కర్ కంటే గట్టి సూచన. అది బిడ్డ గురించి కాదు, అమ్మ గురించి. ఆరు వారాలంటే పచ్చి బాలింత. పిల్లను ఎత్తుకుని రెండు గంటలు ఎక్కడ కూర్చుంటుంది? ఆశక్కకు నా ఫోన్ నెంబర్ ఇచ్చాను. అక్క తారీఖు నా ఫోన్ క్యాలెండర్‌లో వేసుకున్నాను, నాది కూడా పక్కనే. మేడం అవసరం లేదంది కానీ, 138కి నేనూ చేయించుకుంటా. ఒకరు తాగి కూర్చుంటే ఇంకొకరు పిల్లలను పట్టుకోవచ్చని అక్కే అంది.